మందకు కొన్న లైటు

గొర్రె వీపు మీద బొటనవేలితో ఒక్కసారి నొక్కి, అది ఎంత కండ పట్టిందో, లోపల ఏం రోగముందో చెప్పేస్తాడని మా నాయినకు ఊళ్ళో పేరు. లైటును కూడా అట్లాగే కొనొచ్చనుకున్నాడు. సూర్యాపేటలో బండ్ల కరెంటు సామాన్లు అమ్మే దుకాణానికి పోయి, గాజు పలక మీద పరిచిన లైట్లను ఒక్కొక్కటే తీసి, వెనక తిప్పి, బొటనవేలితో నొక్కి చూస్తుంటే నాకు నవ్వాగలేదు.

"ఏం బండికి పెద్దాయనా? లారీ క్యాబిన్‌లకా, ట్రాక్టర్‌కా?" అని అడిగాడు దుకాణమాయన.

"బండికి గాదు సేటు. గొర్ల మందకు."

దుకాణమాయన నా వైపు చూశాడు. కాస్త చదువుకున్నదానిలా కనిపించే మనిషిని నేనే కాబట్టి, ముసలాయన పరాచికాలాడుతున్నాడా అని నన్ను అడిగినట్టుంది ఆ చూపు. నిజమేనని తలూపాను. మా అమ్మ దుకాణం మెట్టు కింద చెప్పులు విడిచి నిలబడింది. గుడి కాదే అమ్మా అని చెప్పినా వినలేదు. అది 2012 ఎండాకాలం. నేను సూర్యాపేటలోనే ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. వాళ్ళకు నేనొక్కదాన్నే బిడ్డను.

మాది సూర్యాపేట అవతల మెట్ట ఊరు. మాఘం దాటితే మేకకు ఆకు దొరకదు, గొర్రెకు గడ్డి దొరకదు. అందుకని యాసంగి వరికోతలు కాగానే మావాళ్ళు మందను తోలుకొని కాలువ నీళ్ళు పారే దిక్కుకు దిగేవాళ్ళు. గరిడేపల్లి, హుజూర్‌నగర్, కోదాడ, ఒక్కోసారి మిర్యాలగూడ దాకా. పగలు కోసిన మళ్ళలో మేపడం, రాత్రి ఎవరో ఒక రైతు పొలంలో మందను పడుకోబెట్టడం. గొర్ల పెంట, మూత్రం ఆ మడికి ఎరువు. అందుకు ఆ రైతు వడ్లు కొలిచి ఇస్తాడు. ఆ మడి అయిపోతే పక్క మడికి, ఆ ఊరు అయిపోతే పక్క ఊరికి. మందతో పాటు ఇల్లూ కదులుతుంది. ఇల్లంటే నాలుగు వెదురు బొంగులు, ఒక టార్పాలిన్, రెండు గిన్నెలు, గొంగళ్ళు. అన్నీ మా చిన్నాయన మోటారుసైకిలు మీద పట్టేవి. ఏటా ఎండాకాలమంతా మా అమ్మ కాపురం ఆ టార్పాలిన్ కిందే గడిచింది.

లైటు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు కోదాడ దగ్గర హైవే పక్కన మంద ఆపితే, ఎవరో వ్యాను వేసుకొచ్చి రెండు పొట్టేళ్ళను ఎక్కించుకొని పోయారు. కుక్క మొరిగింది, నాయిన లేచాడు, చీకట్లో ఏమీ కనిపించలేదు. ఆ దెబ్బకు ఆయన అన్నం తినడం మానేశాడు. నా పెళ్ళి సంబంధం ఒకటి తప్పిపోయిన నాడు కూడా కడుపునిండా తిన్న మనిషి. మరుసటి ఏడు చిన్నాయన తెలివికి పోయి, మోటారు షెడ్డు నుంచి తీగ లాగి బల్బు పెట్టాడు. ఒక గొర్రె ఆ తీగను నమిలి అక్కడికక్కడే పడిపోయింది. కాబట్టి చీకటీ పనికిరాదు, కరెంటూ పనికిరాదు. ఆ దశలో ఎవరో జీపు డ్రైవర్ తన బండి లోపలి లైటు చూపించి, ఇది పన్నెండు వోల్టులే తాతా, తీగ ముట్టుకున్నా ఏం గాదు, బ్యాటరీ ఒక్కటుంటే చాలు అన్నాడట. ఇగ నాయినకు పగలూ రాత్రీ అదే ధ్యాస.

దుకాణమాయన ఓపిక గలవాడు. పొడుగు పట్టీలు, గుండ్రటివి, పలకలవి, తెల్లటివి, పసుపువి, అన్నిటినీ వరసగా బ్యాటరీకి తగిలించి చూపించాడు. తెల్లది దూరం పారుతుందన్నాడు. పసుపుది కంటికి సుఖం, పురుగు తక్కువ వస్తుందన్నాడు. పాత బల్బయితే బ్యాటరీని ఒక్క రాత్రిలో తాగేస్తుంది, ఇదైతే పొదుపుగా వాడుకుంటుందన్నాడు. నాయిన ఏది చూపించినా ఒకటే ప్రశ్న.

"తెల్లారేదాంక ఉంటదా?"

"ఒక్కటే అయితే ఉంటది పెద్దాయనా. రెండు తగిలిస్తే జర ముందుగాల ఆరిపోతది."

నాయిన అన్నిటికంటే పెద్దది, తెల్లది, పలక లైటు తీసుకున్నాడు. తీగ కొసలను వేళ్ళకు ఉమ్మి తడి చేసుకొని మరీ పట్టుకున్నాడు. షాక్ కొట్టలేదు. ఆయన మొహం చూడాలి అప్పుడు. ఊరి సర్పంచి కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టినా అంత సంబరపడేవాడు కాదు.

అప్పుడు మా అమ్మ మెట్టు ఎక్కింది. పలక మీద ఒక మూల పడి ఉన్న చిన్న పసుపు లైటును తీసింది. కారు లోపల పైకప్పుకు పెట్టేదట, చిటికెన వేలంత ఉంది.

"ఇది గుడిసెల కట్టుకుంట. రాత్రి పిల్లలు అరిస్తె సూడనికి ఉంటది" అంది. పిల్లలంటే గొర్రె పిల్లలు. వాటిని గుడిసెలో గంప కింద మూసి తన పక్కనే పడుకోబెట్టుకునేది.

"సేటు ఏం జెప్పిండు? రెండు పెడితె తెల్లారకముందే ఆరిపోతది. దొంగ వచ్చేదే అప్పుడు" అన్నాడు నాయిన.

"అది తాగేది ఎంత పెద్దాయనా, పుక్కిలిచ్చినంత" అన్నాడు దుకాణమాయన.

"పుక్కిలిచ్చినా నీళ్ళు నీళ్ళే గదా."

నాకు ఒళ్ళు మండింది. నేను కొనిస్తా, ఇంకో బ్యాటరీ కూడా నేనే కొనిస్తా అన్నాను. నాయిన వినిపించుకోనట్టు దుకాణమాయనతో తీగ పొడుగు గురించి మాట్లాడుతూ ఉండిపోయాడు. అమ్మ ఆ చిన్న లైటును ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. "ఇడిసిపెట్టు బిడ్డా, ఇంకో బ్యాటరీ ఎవరు మోస్తరు, దాన్ని ఏడ చార్జింగ్ పెడ్తరు" అని నన్నే సముదాయించి, చెప్పులు వేసుకుంది.

బడికి ఎండాకాలం సెలవులిచ్చాక, మంద గరిడేపల్లి దగ్గర ఉందని తెలిసి చూడడానికి పోయాను. పొద్దుగూకే వేళకు చేరాను. చుట్టూ కోసిన మళ్ళు, కొయ్యకాళ్ళు, గడ్డి కాల్చిన వాసన. గొర్లను వల కంచెలోకి తోలి, నాయిన వెదురు బొంగు మీద లైటు కట్టి, బ్యాటరీకి తీగ తగిలించాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ గర్వమనిపించింది. మంద మొత్తం తెల్లగా వెలిగింది. గొర్ల కళ్ళు చిన్న చిన్న నిప్పుల్లా మెరిశాయి. దారిన పోయేవాళ్ళు బండ్లు ఆపి చూశారు. పొలమాయన కూడా వచ్చి, "పెళ్ళివారి పందిరిలా ఉందయ్యా నీ మంద" అని మెచ్చుకున్నాడు. కోదాడ దిక్కు మనిషి, మాట అంతా ఆంధ్రా మాట. నాయిన మీసం కింద నవ్వుకున్నాడు.

గుడిసె దగ్గరికి పోతే లోపల ఏమీ కనిపించలేదు. పడమటి నుంచి వడగాలి కొడుతుందని గుడిసె మొహం తూర్పుకు పెట్టారు. లైటు బొంగు పడమట, కంచె గేటు దగ్గర ఉంది. టార్పాలిన్ నల్లటిది. బయట వెలుతురు ఎక్కువైన కొద్దీ లోపల ఇంకా చీకటయింది. అమ్మ చేత్తో తడిమి ఉప్పు డబ్బా వెతుక్కుంటోంది.

"కందిలి ఏది?" అని అడిగాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ గుడిసె నడిమి బొంగుకు కిరోసిన్ కందిలి వేలాడుతూనే ఉండేది.

"ఇంటికాడనే పెట్టిచ్చిండు. ఇంత లైటుండంగ కందిలెందుకు, గ్యాసునూనె ఎందుకు అన్నడు. టార్చి లైటు గూడ ఆడనే ఉన్నది."

"మరి నీకెట్ల?"

"అలవాటయితది."

నేను పోయి నాయిన మీద ఎగిరాను. గొర్లకు పెళ్ళిపందిరి, మా అమ్మకు బొందగుంతనా అన్నాను. ఆయన బీడీ వెలిగించుకొని, "గొర్రె ఉంటెనే ఇల్లు బిడ్డా. నువ్వు సదివింది గొర్రె మీద. నీ లగ్గం అయింది గొర్రె మీద. రేపు మీ అమ్మకు రోగమొస్తె దవాఖానకు పెట్టేది గొర్రె" అన్నాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నా మంటంతా అక్కడే. ఆయన తప్పు మాట్లాడితే తిట్టడం తేలిక. నిజాలన్నీ ఏరుకొచ్చి ఒక తప్పు పని ముందు గోడలా కట్టే మనిషితో ఏం మాట్లాడతాం? పొద్దున లేచి సూర్యాపేట బస్సెక్కాను.

ఆ తర్వాత వారం తిరగకముందే పొలమాయన ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ అమ్మగారికి కడుపులో బాగా నొప్పంట. నా కారులో హుజూర్‌నగర్ తీసుకెళ్తున్నాను. కంగారేం లేదు గానీ నువ్వు బయల్దేరు."

కంగారేం లేదన్న మాట వినగానే ఇంటికి తాళం వేశాను. మా ఇంటాయన వేరే ఊళ్ళో ఉన్నాడు. దొరికిన బస్సు ఎక్కి హుజూర్‌నగర్‌లో దిగాను. దవాఖానలో అమ్మ బల్ల మీద పడుకొని ఉంది, నాయిన పక్కన నిలబడి ఉన్నాడు. రెప్పలు సగం మూసుకొని ఉన్నాయి. నిద్ర మబ్బులో ఉందనుకున్నాను. నేనే కాదు, తెల్లారినప్పటి నుంచి అందరూ అట్లాగే అనుకున్నారట. పొద్దున లేస్తూనే కడుపు నొప్పి అంటే, రాత్రి తిన్న చద్దన్నం పడలేదని చిన్నాయన వాము నమిలించాడు. కండ్లు మూతలు పడుతుంటే, నొప్పికి నిద్రలేదు కదా, పడుకోనీ అన్నారు. నీళ్ళు తాగిస్తే పక్క నుంచి కారిపోతుంటే, అప్పుడు పొలమాయనకు అనుమానం వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఒకరికి ఇట్లాగే అయిందట. మారు మాట్లాడకుండా కారు తీశాడు.

అమ్మ చేయి పట్టుకొని పిలిచాను. మాట రాలేదు. కానీ నా వేలు నొక్కింది. రెప్ప ఎత్తలేకపోయింది గానీ, లోపల మనిషి మేలుకొనే ఉంది. అన్నీ వింటూనే ఉంది.

అప్పుడే వచ్చిన డాక్టరు అమ్మ రెప్పలు పైకెత్తి చూసి, నాలుక చాపమని, మెడ ఎత్తమని చెప్పాడు. ఏదీ కాలేదు. నాయిన వైపు తిరిగాడు.

"రాత్రి ఏమన్నా కుట్టిందని గానీ, కొరికిందని గానీ అన్నదా?"

నాయిన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అన్నది సారు. కాలికి ఏందో కొరికినట్టయింది, లైటు పట్టుకరా అన్నది."

"చూసినవా మరి?"

"లేదు సారు. లైటు గొర్లకాడ ఉండె. దింపితె చీకటై మంద బెదురుతది. ఎలుక గావొచ్చు, పండుకో అన్న. సెల్లు గూడ మోటర్ షెడ్డుల చార్జింగ్ పెట్టొచ్చిన."

డాక్టరు అమ్మ కాళ్ళను లైటు వేసి వెతికాడు. మడమ పక్కన, దోమ కుట్టినంత గుర్తు. కట్లపాము అయి ఉంటుంది, ఇది కరిచిన చోట నొప్పి ఉండదు, వాపు ఉండదు, అందుకే మోసపోతారు అన్నాడు. మందు ఎక్కిస్తున్నాం, కానీ ఊపిరి ఆగిపోతే పెట్టాల్సిన మెషీను ఇక్కడ లేదు, సూర్యాపేట తీసుకుపొండి, నేను ఫోన్ చేసి చెబుతా అన్నాడు. చేయగలిగిందంతా చేశాడు ఆయన. ఆ మాట చెప్పకపోతే పాపం.

నాకు మాత్రం వేరే సంగతే తలలో తిరుగుతోంది. నాయిన ఆ మాటలన్నీ అమ్మ పక్కనే నిలబడి చెప్పాడు. తాను పిలిచినా రాని లైటు గురించి, ఎలుక గురించి, మంద బెదరడం గురించి, ఆమె కండ్లు మూసుకొని మొత్తం వింది. ఆ మాటలు అవుతున్నంతసేపూ నా వేలిని పట్టుకున్న ఆమె చెయ్యి కదలలేదు.

అంబులెన్సులో నేను, నాయిన ఎక్కాం. గరిడేపల్లి మీదుగానే పోయింది బండి. కిటికీలోంచి దూరాన మా గుడిసె, కంచె, చిన్నాయన కనిపించారు. అమ్మ ఛాతీ ఎగసిపడడం తగ్గుతూ వచ్చింది. బండిలోని అబ్బాయి అమ్మ మూతి మీద గాలి సంచి పెట్టి నొక్కుతూనే ఉన్నాడు. ఏం కాదమ్మా, ఏం కాదమ్మా అంటూ నేను ఆమె చెవిలో చెప్తూనే ఉన్నాను. సూర్యాపేట రాకముందే ఆమె చేతిలో పట్టు పోయింది. దవాఖాన మెట్ల దగ్గర డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు.

నాయిన ఏడవలేదు. నేను ఆయన వైపు చూడలేదు. ఆ రోజు ఆయన్ను ముట్టుకోవాలంటేనే నాకు అసహ్యం వేసింది. కన్నతండ్రి గురించి అట్లా అనొచ్చా అంటే, అనకూడదు. కానీ వేసింది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. చావింటికి వచ్చిన చుట్టాలంతా లైటు మీద పంచాయితీ పెట్టారు. తెల్ల లైటుకు పురుగు వస్తుంది, పురుగుకు కప్ప వస్తుంది, కప్పకు పాము వస్తుంది, మన తాతలు ఎన్నడన్నా మందకు లైటు పెట్టారా, కొత్త పోకడలు పోతే గిట్లనే అయితది అని ఒకరు. దాన్ని తీసి కాలువలో పడేయమని ఇంకొకరు. నిజంగానే పురుగు వచ్చి ఉండొచ్చు, కప్ప వచ్చి ఉండొచ్చు. నాకు తెలియదు, పామును ఎవరూ చూడలేదు. కానీ వాళ్ళు అట్లా మాట్లాడుతున్నకొద్దీ నాయిన భుజాలు తేలికవుతున్నట్టు అనిపించింది నాకు. ఓర్చుకోలేకపోయాను.

"లైటు ఏం జేసింది? ఎక్కడ కడితె అక్కడ వెలిగింది" అన్నాను గట్టిగా. నాయిన లేచి దొడ్లోకి పోయాడు.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు, ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. మందను చిన్నాయన చూసుకుంటున్నాడు. నాయిన అరుగు మీద కూర్చొని తాడు పేనుతున్నాడు. చేతులు ఊరికే ఉంచడం ఆయనకు రాదు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఇంక అడగకపోతే నేను ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేననిపించింది.

"ఆ రాత్రి అమ్మ పిలిస్తే ఎందుకు లేవలే నాయినా? డాక్టర్‌కు చెప్పింది వద్దు. నాకు చెప్పు."

ఆయన పేనడం ఆపి, నా వైపు కాకుండా వాకిట్లోకి చూస్తూ అన్నాడు.

"ఒక్కపారే అన్నది బిడ్డా. ఇంకోపారి అంటె లేద్దును. లైటు తెద్దును. నేను సూస్తనే ఉన్న, ఇంకోపారి అంటదేమో అని. అనలే. ఇగ ఏం లేదనుకొని పండుకున్న."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఎదురు చూసి ఉంటాడు, చెవి అటు వేసి. మా అమ్మ జన్మలో ఏదీ రెండోసారి అడగలేదు. చీర గానీ, పుట్టింటికి పోవడం గానీ, జ్వరమొస్తే మాత్ర గానీ. ఒక్కసారి అడిగేది, కాదంటే ఊరుకునేది. ఆ సంగతి నాకు తెలుసు, చిన్నాయనకు తెలుసు, వాడకట్టంతటికీ తెలుసు. ఆమెతో అంతకాలం కాపురం చేసిన మనిషికి తెలియదా? ఆయన ఇల్లూ, మందా, సంసారమూ అన్నీ ఆ ఒక్క గుణం మీదే నిలబడ్డాయి.

"అమ్మ రెండోసారి అడగదని నీకు తెలుసు. తెలిసే నువ్వు మొదటిసారి లేవలేదు" అన్నాను.

ఆయన తాడు కింద పెట్టాడు. కాదని మాత్రం అనలేదు.